ఆ రక్తం ఎవరిదో ఒక్క మాట చెప్పు

బుజ్జీ,

ఇక్కడ అందరం బాగున్నాం. రాయగడలో వాన వదలట్లేదు, మజ్జిగౌరమ్మ గుడికి వెళ్దామనుకుని ఆగిపోయాను. మీ నాన్న కొత్త చెప్పులు కరుస్తున్నాయని పాతవే వేసుకుంటున్నారు. నువ్వేమో ఫోన్ ఎత్తవు. మీ ల్యాబ్‌లో పరీక్షలకి అక్కడ పనిచేసే పిల్లల రక్తమే తీస్తారట, నువ్వూ ఇస్తున్నావట, గుణుపురం పిన్ని అంది. నిజమేనా?

సంక్రాంతికి నువ్వు చెప్పినవన్నీ గుర్తున్నాయి. మందు మోసే నానో రేణువుల్ని నరంలోకి ఎక్కించగానే రక్తంలోని ప్రొటీన్లు వాటికి అంటుకుంటాయని, ప్లస్ చార్జి బాగా ఉన్న కొన్ని రేణువులైతే ప్లేట్‌లెట్లని, అదే రక్తాన్ని గడ్డకట్టించే కణాల్ని, రెచ్చగొట్టి గుంపు కట్టిస్తాయని, అందుకే పైన పెగ్ అనే పాలిమర్ పూత వేస్తారని. జబ్బు తగ్గించాల్సిన మందే రక్తం గడ్డకట్టిస్తే ఇంకేముంది, అది ముందే చూసేవాళ్లు ఉండాల్సిందే. నువ్వా పని చేస్తున్నావని అందరికీ చెప్పుకుంటాను. కానీ ఆ ప్లేట్‌లెట్లు ఎవరివమ్మా?

చంటి మావయ్యకి మలేరియా ముదిరినప్పుడు నువ్వు చిన్నదానివి. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, రక్తం ఎక్కించాలన్నారు, ఆ రాత్రే రైలెక్కించాం. పార్వతీపురం దాటేసరికి చిగుళ్ల నుంచి రక్తం. మీ తాతయ్య బొబ్బిలిలో దిగిపోయి అక్కడే చూపిద్దామంటారు, పెద్దత్త వైజాగే అంటుంది, ఆ గొడవలోనే విజయనగరం వచ్చేసింది. తీరా బ్లడ్ బ్యాంకులో ప్లేట్‌లెట్ల సంచీ చేతికిస్తుంటే పెద్దత్త ఐస్ పెట్టె తెరిచింది. అక్కడి కుర్రాడు గట్టిగా అరిచాడు, ప్లేట్‌లెట్లని చల్లగా పెట్టకూడదు, 22 డిగ్రీల దగ్గర కదుపుతూ ఉంచాలి, అయినా 5 రోజులకి మించి నిలవుండవు అని. అంతే, వార్డు దాకా పెద్దత్త ఆ సంచీని పసిపిల్లని ఊపినట్టు ఊపుకుంటూ మెట్లెక్కింది.

ఇంతకీ, నువ్వు ఇస్తున్నావా? ఇచ్చినా తప్పు లేదు, ప్లేట్‌లెట్లు 7 నుంచి 10 రోజులే బతుకుతాయి, కొత్తవి వస్తూనే ఉంటాయి. నీ హిమోగ్లోబిన్ సంగతే నా టెన్షన్. ఇంకోటి, ఆస్పిరిన్ వేసుకున్నవాళ్ల రక్తం ఆ పరీక్షకి పనికిరాదన్నావు. అందుకని తలనొప్పిని పళ్లు బిగించి ఓర్చుకుంటున్నావా? అలా చేయకు. పొద్దున్న తినకుండా వెళ్లకు, రాత్రి పదింటికల్లా పడుకో, ఎంత పెద్ద పరిశోధనైనా ముందు మనిషి నిలబడాలి కదా.

బుల్లితో రాగిపిండి, నువ్వుండలు పంపిస్తున్నాను, స్టేషన్‌కి వెళ్లి తీసుకో. హిమోగ్లోబిన్ చూపించుకుని ఆ కాగితం ఫోటో పంపు. నువ్వు పంపకపోతే బుల్లినే ల్యాబ్ దాకా వచ్చి అడగమంటాను.

అమ్మ