వేపచెట్టు అరుగు: జమా ఖర్చుల వివరణ

గ్రామస్థులందరికీ నమస్కారం. బడి ముందున్న వేపచెట్టు చుట్టూ ప్లాస్టిక్ సీసాలతో కడుతున్న అరుగు పూర్తయింది. మీరిచ్చిన ప్రతి రూపాయికీ లెక్క ఇది.

జమ: 118 ఇళ్ల నుంచి ఇంటికి వంద చొప్పున 11,800. హైదరాబాదులోనూ గల్ఫ్‌లోనూ ఉంటున్న మన ఊరివాళ్లు పంపినవి 9,500. పగిలిన బిందెలు, బకెట్లు 64 కిలోలు పాత సామాన్ల వ్యాపారికి కిలో 15 చొప్పున అమ్మగా వచ్చినవి 960. మొత్తం 22,260 రూపాయలు.

చిప్స్ పొట్లాలు, షాంపూ ప్యాకెట్లు ఆ వ్యాపారి తీసుకోడు. వాటిలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు విడదీయలేనంతగా అతుక్కుని ఉంటాయి. తగలబెడితే విషపు పొగ. అందుకే వాటిని కడిగి, ఆరబెట్టి, లీటరు సీసాల్లో కర్రతో కూరి ఇటుకలుగా వాడాం. సీసా కనీసం 330 గ్రాములు తూగాలి, లేకపోతే నొక్కితే లొట్టపోతుంది. ఇందుకోసం కొన్న తూకం యంత్రం 450.

ఖర్చులో పెద్దది కూలి: మేస్త్రీకి నాలుగు రోజులకు 3,600, ఇద్దరు సహాయకులకు 4,800. ఆడ, మగ తేడా లేకుండా ఒకటే కూలి ఇచ్చాం. సిమెంటు తొమ్మిది బస్తాలు 3,330. ఇందులో రెండు బస్తాల మాలు మొదటిరోజు వానకు కొట్టుకుపోయింది. పైన కప్పడానికి పట్టా సిద్ధం చేసుకోకపోవడం కమిటీ తప్పే. ట్రాక్టరు ఇసుక 2,800, పైన పరిచిన కడప బండలు 1,800, చేతి తొడుగులు, గోనెసంచులు 780.

నింపిన సీసాకు ఐదు రూపాయల చొప్పున 452 సీసాలకు 2,260 ఇచ్చాం. ఐదు ఎందుకని కొందరు అడిగారు. ఒక్క సీసా నింపడానికి గంటకు పైగా పడుతుంది, నింపినవాళ్లలో ఎక్కువమంది మన ఆడవాళ్లే. అది కూలి కానే కాదు, ఇంకా ఎక్కువే ఇవ్వవలసింది. తడి కవర్లు కూరిన 58 సీసాలు తిప్పి పంపాం. నింపి ఇవ్వడం కోసమే కొత్తగా కొన్న నీళ్ల సీసాలనూ తీసుకోలేదు.

మొత్తం ఖర్చు 19,820. నిల్వ 2,440 రూపాయలు, సీసాలు 22. ఎండ తగిలితే సీసాలు పెళుసెక్కుతాయి కాబట్టి, పూత పగిలినచోట వెంటనే మెత్తడానికి ఈ సొమ్మును వేరే పనికి వాడకుండా ఉంచుతున్నాం. రసీదులన్నీ గ్రంథాలయంలో ఉన్నాయి. ఆదివారం సాయంత్రం ఆ అరుగు మీదే కూర్చుంటాం, సందేహం ఉన్నవారు రండి.

— అరుగు నిర్మాణ కమిటీ