రోజ్ బర్డ్‌కు జరిగింది న్యాయమేనా?

సంపాదకులకు,

న్యాయమూర్తులకూ ఎన్నికలుండాలని మన దగ్గర కొందరు వాదిస్తుంటారు. వారు కాలిఫోర్నియా చరిత్ర చూడాలి. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టుకు 1977లో తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తి అయ్యారు రోజ్ బర్డ్. అంతకుముందు రాష్ట్ర మంత్రివర్గంలో ఉండగా, వ్యవసాయ కూలీలకు సంఘం పెట్టుకునే హక్కునిచ్చిన 1975 నాటి చట్టం రూపకల్పనలో పాలుపంచుకున్నారు. తన ముందుకొచ్చిన ఏ మరణశిక్షనూ ఆమె సమర్థించలేదు. అది తప్పయితే తీర్పుల్లోని తర్కాన్ని ఖండించాలి. అలా కాక, ఆమె వ్యతిరేకులు హతుల బంధువుల కన్నీళ్లను టీవీ ప్రకటనలుగా మార్చారు. ఆ ప్రచారానికి వ్యాపార వర్గాలూ డబ్బు కుమ్మరించాయి. 1986లో ఓటర్లు ఆమెనూ, మరో ఇద్దరు న్యాయమూర్తులనూ పదవి నుంచి దించేశారు. ఓట్లకు భయపడే న్యాయమూర్తి ముందు దిక్కులేని ముద్దాయి గతేమిటి?

— ఒక పాఠకురాలు, విజయవాడ