నాటకానికి బడి వేళల్లోనే చోటివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ఫిబ్రవరి వచ్చిందంటే మా జిల్లాలో ప్రభుత్వ, ప్రైవేటు అనే తేడా లేకుండా ఉన్నత పాఠశాలల్లో వార్షికోత్సవాల సందడి మొదలవుతుంది. ఆ సందడిలో విద్యార్థుల నాటకం దాదాపుగా కనుమరుగైంది. అది మళ్లీ రావాలంటే అన్నిటికన్నా ముందు బడి వేళల్లోనే దానికి సమయం కేటాయించాలన్న విషయాన్ని మీ పత్రిక ద్వారా విద్యాశాఖ అధికారుల దృష్టికి, తోటి తల్లిదండ్రుల దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను దేవరకొండలో మైకు సెట్లు, షామియానాలు అద్దెకిచ్చే దుకాణం నడుపుతున్నాను. పట్టణంలోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ బడి వేడుకలకు వేదికలు కట్టేది మాలాంటి వాళ్లమే కాబట్టి, ముందు వరుసలో కూర్చున్న అతిథుల కంటే పక్కన నిలబడిన మాకే కార్యక్రమం దగ్గరగా కనిపిస్తుంది. వెనుకటి రోజుల్లో బడి నుంచి కబురు వస్తే మొదట అడిగేది వేదిక పైనుంచి వేలాడదీసే మైకులు ఎన్ని ఉన్నాయని. చేతిలో మైకు పట్టుకుని ఏ పిల్లవాడూ నాగలి దున్నుతున్నట్టో, నీళ్లు తోడుతున్నట్టో నటించలేడు మరి. ఇప్పుడు అడిగేది బాక్సులు ఎంత పెద్దవి, లైట్లు ఎన్ని రంగులవి, పెన్‌డ్రైవ్ పెడితే పాట మధ్యలో ఆగకుండా వస్తుందా అని. సినిమా పాటకు పిల్లలు ఆడటం తప్పని నేను అనను, ఆ పాటలు మోగించే నేనూ బతుకుతున్నాను. అయితే మూడు గంటల కార్యక్రమంలో పిల్లల సొంత గొంతు ఒక్కసారి కూడా వినపడకుండా, వినపడేదల్లా అతిథుల ఉపన్యాసాలు, శాలువాలు కప్పేటప్పుడు చదివే పేర్ల జాబితా మాత్రమే అయినప్పుడు, ఆ వేడుక ఎవరి కోసం జరిగిందో నాకు అర్థం కాదు. ఆలస్యమైతే ముందుగా కోత పడేది కూడా పిల్లల అంశాలకే గాని ఉపన్యాసాలకు కాదు.

దీనికి ఉపాధ్యాయులనే తప్పుపట్టడం సులువు, కాని న్యాయం కాదు. నాటకం నేర్పాలన్న కోరిక ఉన్న టీచర్లు నాకు తెలిసినవాళ్లే చాలామంది ఉన్నారు. వారికి లేనిది సమయం. రిహార్సల్ అంటే సాయంత్రం లాంగ్ బెల్ కొట్టాక చేసుకోవలసిన పని అన్న అభిప్రాయం మన బడుల్లో స్థిరపడిపోయింది. మా పట్టణంలోని ఉన్నత పాఠశాలలకు చందంపేట, నేరెడుగొమ్ము, డిండి వైపు ఊళ్ల నుంచి, తండాల నుంచి వచ్చే పిల్లలు ఎందరో ఉన్నారు. బెల్ కొట్టగానే వారు పరుగెత్తేది బస్టాండుకు. ఆ పల్లెవెలుగు బస్సు తప్పిపోతే ఇక కిక్కిరిసిన ఆటోయే దిక్కు, అది కూడా దొరకకపోతే ఇంట్లో వాళ్లు బండి వేసుకుని రావాలి. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడపిల్లలకు టికెట్ ఖర్చు తప్పింది గాని, బస్సు వచ్చే వేళ మాత్రం రిహార్సల్ కోసం ఆగదు. రెండేళ్ల కిందట ఒక బడిలో ప్రధాన పాత్రకు ఎంపికైన తొమ్మిదో తరగతి అమ్మాయి, మాటలన్నీ నాలుగు రోజుల్లోనే కంఠతా పట్టిన అమ్మాయి, వారం తిరగకుండానే మానుకోవలసి వచ్చింది. చీకటి పడ్డాక తండాకు చేరడం తండ్రికి ఇష్టం లేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే మాట అనేవాణ్ణి. ఆ పాత్ర చివరకు బడి వెనుక వీధిలో ఉండే అమ్మాయికి వెళ్లింది. సాయంత్రం రిహార్సల్ పెట్టినంత కాలం నాటకంలో పాత్రలు దొరికేది ప్రతిభను బట్టి కాదు, ఇంటి దూరాన్ని బట్టి.

పదో తరగతి పిల్లల సంగతి వేరే చెప్పనక్కరలేదు. చలికాలం నుంచే ఉదయం, సాయంత్రం స్పెషల్ క్లాసులు మొదలవుతాయి, మార్చిలో పరీక్షలు ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే వార్షికోత్సవం పెట్టి, నాటకం ఎందుకు లేదంటే పిల్లలకు తీరిక లేదని చెప్పడం మనకు అలవాటైంది.

నిజానికి బడి వేళల్లో కళలకు చోటివ్వడానికి కొత్త జీవో ఏదీ అవసరం లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు వందమందికి మించి పిల్లలున్న బడిలో కళావిద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని రాసి ఉంది. 2020 జాతీయ విద్యావిధానం పాఠ్య విషయాలకు, సహపాఠ్య విషయాలకు మధ్య గోడలు ఉండకూడదని చెప్పి, అవే తరగతులకు పది రోజులు సంచి లేని రోజులను సూచించింది. మన రాష్ట్రంలోనూ నో బ్యాగ్ డే అన్న మాట టీచర్లకు, పిల్లలకు పరిచయమైనదే. పరీక్షలతో పాటు ఇతర అంశాల్లోనూ పిల్లల ప్రగతిని అంచనా వేసే నిరంతర సమగ్ర మూల్యాంకనంలో కళలు, సాంస్కృతిక విద్య అనే అంశానికి గ్రేడు కూడా ఇస్తారు. ఏడాది పొడవునా ఒక్కసారి కూడా వేదిక ఎక్కని పిల్లలకు ఆ గడిలో ఏ ఆధారంతో గ్రేడు వేస్తున్నారో తల్లిదండ్రులు ఒకసారి మర్యాదగానే అడిగి తెలుసుకోవాలి.

పోటీలకూ కొదవ లేదు. 2015 నుంచి కేంద్రం నిర్వహిస్తున్న కళా ఉత్సవ్ ఉంది, జనాభా విద్య కార్యక్రమం కింద జరిగే రోల్ ప్లే పోటీలు ఉన్నాయి, సైన్స్ మ్యూజియంల జాతీయ మండలి ఆధ్వర్యంలో జరిగే సైన్స్ నాటకోత్సవం జిల్లా స్థాయి నుంచి జాతీయ స్థాయి దాకా సాగుతుంది. అయితే మాలాంటి చిన్న పట్టణాల్లో ఈ కబురు బడికి అందేసరికి పోటీకి వారం రోజులు కూడా మిగలదు. అప్పుడు చురుకైన నలుగురు పిల్లలను ఏరి, ఎవరో రాసిచ్చిన మాటలు బట్టీ పట్టించి పంపిస్తారు. పోటీ ముగిసిన మర్నాడు ఆ నాటకం సొంత బడిలోని పిల్లలైనా చూడరు. పోటీకి వెళ్లడం కంటే సొంత బడిలో ఆడటమే ముఖ్యమని నా అభిప్రాయం.

మంచి నాటకం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. మర్రిగూడ వైపు ఒక బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు ఫ్లోరైడ్ నీళ్ల మీద ఆడిన నాటకానికి మైకు పెట్టింది నేనే. బోరునీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిందనీ, దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరుందనీ ఈ జిల్లాలో పుట్టి పెరిగిన నాకు ఆ పిల్లలు చెప్పేదాకా తెలియదు. వేదిక మధ్యలో బల్ల మీద పెద్ద గాజు జాడీ పెట్టారు. మొదటి రంగంలోనే అందులో పటిక, సున్నం వేసి బాగా కలిపి వదిలేశారు. ఇక ఆ జాడీ పక్కనే ఊరి పెద్దలు, కొత్తగా ఇంటికి వచ్చిన కోడలు, బోరు వేయించిన రైతు వాదులాడుకుంటుంటే, లోపల తెల్లటి మడ్డి ముద్దలు ముద్దలుగా కట్టి మెల్లగా అడుగుకు దిగుతూ ఉంది. నాటకం ముగిసే వేళకు పైన నీళ్లు తేటగా తేలాయి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న లెక్కను సర్పంచ్ వేషం వేసిన అమ్మాయి పుస్తకం చదివినట్టు కాకుండా, కోపంతో ప్రశ్నించినట్టు అడిగింది. మాటలన్నీ మన యాసలోనే ఉన్నాయి. సరిదిద్దుతానని ఏ మాస్టారూ మధ్యలో దూరకపోవడం వల్లనే అవి అంత సహజంగా వచ్చాయని నేననుకుంటాను. ఇంట్లో లంబాడీల భాష గోర్‌బోలి మాట్లాడే తండా పిల్లలు ఇద్దరు అందులో ఉన్నారు. తరగతిలో లేచి జవాబు చెప్పడానికే జంకేవారని వారి టీచరు చెప్పిన ఆ పిల్లల మాట మైకు లేకపోయినా చివరి వరుస దాకా వినిపించేది.

ఈ నాటకానికి అయిన ఖర్చు చెప్పుకోదగ్గది కాదు. ఇళ్ల నుంచి తెచ్చుకున్న చీరలు, తువ్వాళ్లు, ఒక బిందె, సైన్స్ గదిలోని జాడీ సరిపోయాయి. అది సాధ్యపడడానికి అసలు కారణం, ఆ బడి హెచ్ఎం ప్రతి శనివారం చివరి రెండు పీరియడ్లు పిల్లలకు వదిలేయడం. ఎవరికీ బస్సు తప్పలేదు.

బడుల్లో క్లబ్బులకూ ఇదే వర్తిస్తుంది. జాతీయ హరిత దళం, ఎకో క్లబ్, రీడింగ్ క్లబ్ అని గోడ మీద పేర్లు రాసి ఉంటాయి. మొక్క నాటేటప్పుడు ఒక ఫొటో, రిజిస్టరులో ఒక పేజీతో వాటి పని అయిపోతుంది. వాటికి కూడా వారంలో ఒక నికరమైన వేళ ఉంటే తప్ప కదలిక రాదు.

నాటకం అన్నం పెడుతుందా అని అడిగే తల్లిదండ్రులు ఉంటారు. మార్కులు పెరుగుతాయని నేను హామీ ఇవ్వలేను. కాని చిందు యక్షగానాలు, బాగోతాలు రాత్రంతా కూర్చుని చూసిన ఊళ్లు మనవి. పాలమూరు గడ్డ మీద పుట్టి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించి నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు పత్రికా రచనతో పాటు నాటకాలు కూడా రాశారు. ఇటువంటి ప్రాంతంలో పదో తరగతి దాటే పిల్లవాడు ఒక్క నాటకంలోనూ నిలబడకుండా బడి వదిలిపోవడం నాకు బాధగానే ఉంది.

కాబట్టి జిల్లా విద్యాధికారులను కోరేది స్వల్పమే. శనివారం చివరి రెండు పీరియడ్లను నాటకానికి, క్లబ్బులకు కేటాయించాలని, ఆ పీరియడ్లను సిలబస్ పూర్తి చేయడానికి వాడుకోరాదని ఉన్నత పాఠశాలలకు ఒక సర్క్యులర్ ఇవ్వాలి. పరీక్షల ఒత్తిడి లేని నవంబరులో, బాలల దినోత్సవం నాటికి ప్రతి బడిలో ఒక నాటకమైనా ఆడేలా చూడాలి. పోటీల సమాచారం జూన్‌లోనే హెచ్ఎంలకు చేర్చాలి. చిందు, బుర్రకథ తెలిసిన కళాకారులు ఇంకా మన మండలాల్లో ఉన్నారు. తగిన పారితోషికం ఇచ్చి ఏడాదికి కొన్ని రోజులైనా వారిని బడికి పిలిపించాలి. ప్రైవేటు యాజమాన్యాలు కూడా వార్షికోత్సవానికి పెట్టే లైటింగు ఖర్చులో కొంత తగ్గించుకుని, పిల్లలు మాట్లాడే అంశం ఒకటైనా కార్యక్రమంలో ముందువైపు, ఉపన్యాసాల కంటే ముందే ఉండేటట్లు చూడాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా