14 వేలకు జనతా వాచీ: మా షాపు ధరల సంగతి

గత నెల బెంగళూరులో పాత వాచీల వేలంపాటకు వెళ్లొచ్చానని మా వాచీల షాపుకొచ్చే చాలామందికి తెలుసు. వచ్చిన దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న: "అక్కడ జనతా వాచీ 14 వేలు పలికిందట కదా, మా నాన్నగారిది ఎంతొస్తుంది?" ఒక్కొక్కరికీ చెప్పలేక ఇలా రాస్తున్నాను.

పలికిన మాట నిజమే. కానీ అంతకు అరగంట ముందే ఇంకో హెచ్ఎంటీ జనతా 1,800కే పోయింది. అదేమో తళతళలాడుతోంది, డయల్ మీద మచ్చ లేదు. 14 వేలదాని డయల్ మజ్జిగ రంగుకు తిరిగింది, గ్లాసు నిండా గీతలు. దానికి పాత డబ్బా, గ్యారంటీ కార్డు ఉన్న మాట వాస్తవమే గానీ, లోపల మాత్రం రెండిట్లోనూ అదే 17 జ్యువెల్స్ (అరుగుదల తగ్గించే చిన్న రాళ్లు) ఉన్న, కీ ఇచ్చే మెషిన్. నాకేమీ అర్థం కాలేదు. పక్కనున్న పెద్దాయన తన భూతద్దం ఇచ్చి చూడమన్నారు. మెరిసేదాని మీద అక్షరాల అంచులు చమురు కాగితం మీద సిరాలా పాకి ఉన్నాయి. 12 దగ్గరి గీత వెంట్రుకవాసి పక్కకు జరిగింది. రంగు వేయించిన డయల్!

నా గుండెల్లో రాయి పడింది. అలాంటి డయల్స్ నేనెన్ని వేయించాను! మీరు "కొత్తదానిలా చేయండి" అంటారు, నేను కేసుకు మెరుగు పెట్టి, డయల్ మార్చి, కొత్తదానిలా చేసిస్తాను. ఇన్నేళ్లూ అదే నా పనితనం అనుకున్నాను. సేకరించేవాళ్లకు కావాల్సింది సరిగ్గా నేను గీకి పారేసిందే.

పెద్ద వేలాల్లోనూ ఇదే తంతు. 2017లో న్యూయార్క్‌లో హాలీవుడ్ నటుడు, కారు రేసర్ పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా వాచీ ధర కమిషన్‌తో కలిపి 1.77 కోట్ల డాలర్లు దాటింది. అదే రకం వాచీలు ఇంకా ఉన్నాయి, కానీ ఆయన భార్య వెనక మూత మీద "జాగ్రత్తగా నడుపు" అని చెక్కించింది దీనిమీదే. ఆయన దాన్ని కూతురి స్నేహితుడికి ఇచ్చేశాడు. (మన దగ్గరైతే కాబోయే అల్లుడికి పెట్టాడనేవాళ్లం.) అయితే పెద్ద వేలాల్లోనూ మోసపోతారు. 2021లో జెనీవాలో 30 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటి అమ్ముడైన ఒమెగా స్పీడ్‌మాస్టర్, రకరకాల వాచీల భాగాలతో కూర్చిందని రెండేళ్లకు తేలింది. కొన్నది ఎవరనుకున్నారు? ఆ వాచీలు తయారుచేసే ఒమెగా వాళ్లే, తమ మ్యూజియం కోసం!

నేనూ ఆ బెంగళూరు వేలంపాటలో మూడు హెచ్ఎంటీ పైలట్ వాచీలు కొన్నాను. టెన్షన్‌లో చెయ్యెత్తుతూ పోయాను. పాడేవాళ్లు ఇద్దరు పంతం పడితే ధరకు లెక్కుండదని అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చి వెనక మూతలు తీస్తే ఒకదాని డయల్ రంగేసిందే. ఆ నష్టం మీ బిల్లులో వేయను. దాన్ని రంగేసినదని చెప్పే, రంగేసినదాని ధరకే అమ్ముతాను.

ఇక నుంచి అమ్మే ప్రతి వాచీకి చీటీ కడతాను: డయల్, ముళ్లు, కేసు, మెషిన్‌లో ఏది అసలుది, ఏది మార్చింది. సర్వీసింగ్‌కు ఇస్తే మెరుగు పెట్టను, కావాలంటే మీరే అడగండి. తీసిన భాగాలు కవర్లో పెట్టి ఇచ్చేస్తాను. గత రెండేళ్లలో నా దగ్గర కొన్న వాచీ డయల్ రంగేసిందని తేలితే, తెచ్చిచ్చి డబ్బు తీసుకెళ్లండి. నేను చెప్పకుండా అమ్మాను కాబట్టి ఆ తప్పు నాదే.

మీ నాన్నగారి వాచీ ధర మాత్రం చూడకుండా చెప్పలేను. తెచ్చేముందు తుడవకండి.

ఇంకొకటి. మీరు వద్దన్న పాత డయల్స్ పారేయబుద్ధి కాక ఒక బిస్కెట్ డబ్బాలో వేస్తూ వచ్చాను. నిన్న లెక్కపెడితే 63 ఉన్నాయి, కొన్నిటి వెనక పెన్సిల్‌తో బిల్లు నంబరు రాసి ఉంది. పాత బిల్లు ఉంటే తీసుకురండి. మీది దొరికితే ఊరికే బిగించి ఇస్తాను.