పాఠ్యపుస్తకంలో చంద్రుడు వేరు

సంపాదకుల వారికి,

మా అమ్మాయి ఏడో తరగతి. మొన్న సైన్స్ పరీక్షలో చంద్రకళలు ఎందుకు ఏర్పడతాయన్న ప్రశ్నకు "భూమి నీడ చంద్రుడి మీద పడటం వల్ల" అని రాసింది. అది తప్పు. అయినా ఫుల్ మార్కులు పడ్డాయి. టీచర్ మీద ఫిర్యాదుగా ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ పుస్తకం చూసి చదివితే నేనైనా అదే రాసేవాణ్ణి. పౌర్ణమి బొమ్మలో సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే గీత మీద, రాసుకుంటారేమో అన్నంత దగ్గరగా ఉన్నారు. నాలుగు పేజీలు తిప్పితే చంద్రగ్రహణానికీ దాదాపు అదే బొమ్మ. "అయితే ప్రతి పౌర్ణమికీ గ్రహణం రావాలి కదా నాన్నా?" అంది. పుస్తకం కంటే ఆ ప్రశ్నే నయం.

ఇంట్లో బాస్కెట్‌బాల్, టెన్నిస్ బంతి ఉంటే తీయండి. మొదటిది భూమి అనుకుంటే రెండోది ఇంచుమించు చంద్రుడంత. రెండింటి మధ్య ఎంత దూరం ఉంచాలి? నేను అడిగినవాళ్లంతా జానెడనో మూరెడనో అన్నారు. అసలు లెక్క ఏడు మీటర్ల పైమాటే. భూమికీ చంద్రుడికీ మధ్య సగటున 3,84,400 కిలోమీటర్లు, అంటే 30 భూములను వరసగా పేర్చినంత. హాలు చాలక మేం మేడెక్కాల్సి వచ్చింది. సూర్యుణ్ణి పెట్టాలంటే 2.8 కిలోమీటర్లు నడవాలని తేలింది, ఆ పని మానేశాం.

చంద్రుడి కక్ష్య భూమి కక్ష్యకు సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. పుస్తకం బొమ్మలో ఆ వాలు కంటికి ఆనదు. మా మేడ మీద లెక్కకు మాత్రం టెన్నిస్ బంతి 65 సెంటీమీటర్ల దాకా పైకో కిందికో పోతుంది. అంత దూరంలో బాస్కెట్‌బాల్ నీడ వెడల్పు చూస్తే 17 సెంటీమీటర్లే! నెలనెలా ఎక్కడ చిక్కుతుంది? సుమారు ఆరు నెలలకోసారి, రెండు కక్ష్యలు ఒకదాన్నొకటి దాటే గీతకు సూటిగా సూర్యుడు వచ్చే కొద్ది వారాల్లోనే గ్రహణాలకు వీలు.

చంద్రకళల సంగతికొస్తే అసలు నీడతో పనే లేదు. శుక్లపక్షం అష్టమి నాడు సాయంత్రం నాలుగింటికి, చంద్రుడు సగం కనిపిస్తుండగా, అమ్మాయి తెల్లటి బంతిని ఎండలోకి చాచి పట్టుకుంది. ఒక కన్ను మూసి, దాన్ని మెల్లగా చంద్రుడి పక్కకు జరిపింది. "రెండూ ఒకేలా ఉన్నాయి!" అని కేక. బంతి మీద ఏ వైపు ఎంత మేర ఎండ కనిపించిందో, చంద్రుడి మీదా ఆ వైపే, అంతే మేర. సూర్యుడి వైపున్న సగం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, అందులో మనకు కనిపించేది ఎంతన్నదే కళ. మళ్లీ పరీక్ష పెడితే ఈసారి నీడ అని రాయదు, మార్కుల సంగతి మాత్రం చెప్పలేను.

పడవలో ముందుకు పోయేవాడికి ఒడ్డు మీదివి వెనక్కి పోతున్నట్లు కనిపించినట్టే, తిరిగే భూమి మీదున్న మనకు నక్షత్రాలు పడమటికి పోతున్నట్లు కనిపిస్తాయని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే ఒక్క పోలికలో చెప్పేశాడు. మనం నాలుగు రంగుల్లో బొమ్మ అచ్చువేసి కూడా పిల్లల్ని తికమక పెడుతున్నాం. అడుగున "స్కేలు ప్రకారం కాదు" అని చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తే సరిపోదు. చంద్రుడి వాలును చూపే పక్కబొమ్మ ఒకటి, దూరాన్ని చూపే బొమ్మ ఒకటి వేయాలి.

పత్రికలకూ ఇందులో వాటా ఉంది. సూపర్ మూన్ (చంద్రుడు భూమికి బాగా దగ్గరగా ఉన్నప్పటి పౌర్ణమి) అనగానే భవనాన్ని మింగేంత చంద్రుణ్ణి మొదటి పేజీలో వేస్తారు. ఆ ఫొటో దూరపు వాటిని పెద్దగా చూపే టెలిఫొటో లెన్స్ మహిమ. అతి చిన్నగా కనిపించే పౌర్ణమి చంద్రుడి కంటే సూపర్ మూన్ వెడల్పు 14 శాతం ఎక్కువ, అంతే. ఏ పౌర్ణమి నాడైనా చేయి చాచి చిటికెన వేలు అడ్డుపెడితే చంద్రుడు పూర్తిగా దాక్కుంటాడు.

సూర్యోదయం, సూర్యాస్తమయం వేసే చోటే చంద్రోదయం వేళ కూడా రోజూ వేయండి. ఆ వేళ సగటున రోజుకు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటే, ఎందుకని అడిగే పిల్లలు మా ఇంట్లోనే కాదు, ఇంకా ఉంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు