యూఏ 16+ అంటే సరే, ఎందుకో కూడా చెప్పండి: కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారములు.

పోయిన వేసవి సెలవుల్లో తొమ్మిదేళ్ల మా అమ్మాయిని ఒక తెలుగు సినిమాకు తీసుకువెళ్లాను. లోపల కూర్చున్నాక తెర మీద యూఏ 16+ సర్టిఫికెట్ కనిపించింది, అంటే పదహారేళ్లలోపు పిల్లలకు చూపించాలా వద్దా అన్నది తల్లిదండ్రులే ఆలోచించుకోవాలన్న గుర్తు. అరగంట తిరక్కుండానే పిల్ల నా భుజంలో ముఖం దాచుకుంది. టికెట్ కొనేటప్పుడే ఆ గుర్తు చూసుకోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ చూసి ఉన్నా అక్కడ నాకు తెలిసేది ఒక అంకె మాత్రమే. నరుకుళ్లు ఉన్నాయా, బూతులు ఉన్నాయా, ఆత్మహత్య చూపించారా అన్నది అంకె చెప్పదు.

2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం యూఏను 7+, 13+, 16+ అని మూడుగా విడదీయడం మంచి పనే. అయితే ఆ గుర్తును తల్లిదండ్రులు, సంరక్షకులు తప్ప మరెవరూ అమలు చేయడానికి వీల్లేదని అదే చట్టం చెబుతోంది. ‘ఏ’ (పెద్దలకు మాత్రమే) సినిమా అయితే పిల్లలను గేటు దగ్గరే ఆపవలసిన థియేటరు, యూఏ 16+ సినిమాకు ఆపనక్కరలేదు. నిర్ణయం మాకే వదిలారు. అందుకు నాకు పేచీ లేదు గాని, నిర్ణయించుకోవడానికి కావలసిన సమాచారం కూడా మా చేతికి రావాలి కదా. అదే సినిమా కొన్ని వారాలకు ఓటీటీలోకి వస్తే, హింస, భాష వంటి వివరాలను ముందే చూపాలని మీ శాఖ అమలు చేస్తున్న 2021 నిబంధనలే చెబుతున్నాయి. ఇంట్లో చూసేవారికి దక్కే ఆ మాట, డబ్బు పెట్టి టికెట్ కొనేవారికి ఎందుకు దక్కకూడదు?

ఇక నిర్ణయించేది ఎవరన్న సంగతి. సెన్సార్ బోర్డు హైదరాబాదు ప్రాంతీయ కార్యాలయానికి వచ్చిన తెలుగు సినిమాను మొదట చూసేది ఒక పరిశీలనాధికారి, సలహా మండలి సభ్యులు నలుగురు. ఆ సభ్యుల అర్హత ఏమిటని 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని అడిగితే, ప్రజలపై సినిమాల ప్రభావాన్ని అంచనా వేయగలవారని కేంద్ర ప్రభుత్వం భావించినవారు అని మాత్రమే జవాబు వస్తుంది. పిల్లల మనస్తత్వం తెలిసినవారో, బడిలో పాఠం చెప్పినవారో ఉండి తీరాలన్న మాట అందులో లేదు. 2024 నిబంధనల్లో బోర్డులో మహిళలకు కనీసం మూడో వంతు స్థానం కల్పించిన ప్రభుత్వానికి, వీరికి కూడా చోటు రాయడం కష్టమేమీ కాదు.

నిర్మాత తృప్తి పడకపోతే సినిమాను మళ్లీ చూసే రివైజింగ్ కమిటీకి, అక్కడా కుదరకపోతే హైకోర్టుకు వెళ్లవచ్చు (మధ్యలో ఉన్న ట్రిబ్యునల్‌ను 2021లో రద్దు చేశారు). నాలుగు షాట్లు కత్తిరించి ‘ఏ’ను యూఏ చేయించుకోవడం పరిశ్రమలో అందరికీ తెలిసినదే, కుటుంబ ప్రేక్షకులూ, టీవీ హక్కులూ ఆ అక్షరం మీదే ఆధారపడి ఉంటాయి. ఈ బేరంలో పిల్లల తరఫున మాట్లాడేవారు ఎవరూ కనబడరు. బ్రిటన్‌లో వర్గీకరణ సంస్థ ప్రతి సినిమాకూ కారణాలను నాలుగు ముక్కల్లో ప్రచురిస్తుంది, తన మార్గదర్శకాలను మార్చే ముందు ప్రజల అభిప్రాయం అడుగుతుంది.

బోర్డు ఉద్యోగం కత్తిరించడం కాదు, వర్గీకరించడమేనని 2016లో దర్శకుడు శ్యామ్ బెనగల్ నాయకత్వంలో కేంద్రం వేసిన కమిటీ చెప్పింది. ఆ కమిటీ సూచించిన వయసుల విభజనను, అంకెలు మార్చి, తీసుకున్నారు. అసలు మాటను పక్కన పెట్టారు. దానిపై మీ శాఖ వైఖరి ఏమిటో తెలియజేయాలనీ, ఈలోగా యూఏ గుర్తు వెనక ఉన్న కారణాన్ని ఒక్క వాక్యంలో, సినిమా ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే, పోస్టరు మీదా టికెట్ అమ్మే చోటా ముద్రించేలా ఆదేశాలు ఇవ్వాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తండ్రి, హనుమకొండ