తాగుడు మానినవారికి తోడు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మద్యం మానాలనుకునే పేదవాడికి, అందునా మారుమూల పల్లెలో ఉండేవాడికి, చికిత్సా కేంద్రం దూరాన్ని మించిన అడ్డంకి ఒంటరితనం. తాగేటప్పుడు పక్కన పదిమంది ఉంటారు. మానిన మర్నాటి నుంచి పలకరించేవారు ఉండరు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు తాగుడు బాధితులు తమ కష్టాన్ని ఒకరితో ఒకరు చెప్పుకోవడంతో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ అనేది తాగుడు బాధితులు పేరు బయటపెట్టకుండా సమావేశమై ఒకరికొకరు తోడుండే సంఘం. అందులో రుసుము లేదు. మానాలన్న కోరిక ఒక్కటే సభ్యత్వానికి అర్హత. పేద పల్లెకు ఇంతకన్నా అందుబాటులో ఉన్న మార్గం నాకు కనిపించడం లేదు. అయితే అందరికీ అందరూ తెలిసిన ఊళ్లో పేరు దాచుకోవడం కష్టం కనుక, సమావేశంలో విన్న మాటను బయటికి పొక్కనీయని నిజాయితీ నగరంలో కన్నా పల్లెలోనే ఎక్కువ అవసరం.

ప్రాణాలకు సంబంధించిన మాట మరొకటి ఉంది. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజుల్లోనే వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలగవచ్చు; కాబట్టి మానే ముందే వైద్యుడిని సంప్రదించాలి. ఆ తర్వాతి సంవత్సరాలకు కావలసింది తోడు. ఈ సమావేశాల కోసం వారానికొక సాయంత్రం ఒక గది తాళంచెవి ఇవ్వగల పెద్దలు, ఉపాధ్యాయులు ముందుకు రావాలని, ఇటువంటి సమావేశాల సమాచారాన్ని మీ పత్రిక క్రమం తప్పక ప్రచురించాలని వేడుకుంటున్నాను.

– ఒక పాఠకుడు